హిమాలయాల్లో గీత చదువుకుంటూ వేసవి గడపాలంటే: చార్‌ధామ్‌ను ఈసారికి పక్కన పెట్టండి

అన్నయ్యగారూ, మీ ప్రశ్నలో నాలుగు సంగతులున్నాయి. మే నెలాఖరు నుంచి పదహారు రోజులు ఖాళీ దొరికింది, నెల్లూరు ఎండకు దూరంగా కొండల్లో ఏదైనా ఆశ్రమంలో ఉండి గీతో ఉపనిషత్తో పద్ధతిగా చదువుకోవాలి, కాస్త విశ్రాంతి కూడా కావాలి. వదినగారికి మోకాళ్ల నొప్పులు. మీ ఇద్దరికీ హిందీ అంతంత మాత్రం, బ్యాంకు ఉద్యోగం పుణ్యమా అని మీకు ఇంగ్లీషు బాగానే వచ్చు. ఎలాగూ అంత దూరం వెళ్తున్నారు కాబట్టి చార్‌ధామ్ కూడా చుట్టేసి రమ్మని మీ అబ్బాయి పట్టుబడుతున్నాడు.

నేను సంస్కృతం చెప్పి రిటైరైనదాన్ని. ఆశ్రమాల్లో గీత, ఉపనిషత్తు పాఠం చెప్పే ఈ వేసవి శిబిరాలకు చాలా ఏళ్లుగా వెళ్తున్నాను, మా ఊరి నుంచి నాతోపాటు ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. ముందు మీ అబ్బాయి మాటకే జవాబు చెప్తాను, మిగతావన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. ఈ ట్రిప్పులో చార్‌ధామ్ వద్దు.

యాత్ర మంచిది కాదని కాదు. యమునోత్రి, గంగోత్రి తలుపులు అక్షయ తృతీయకు తీస్తారు, తర్వాత కొద్ది రోజులకు కేదారం, బదరీ. సెలవులు కూడా అప్పుడే కాబట్టి మే, జూన్ నెలల్లో దేశమంతా అటే కదులుతుంది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి. తెల్లవారుజామున బండెక్కడం, ఘాట్ రోడ్డులో గంటల తరబడి ట్రాఫిక్‌లో ఇరుక్కోవడం, రాత్రి ఏ వేళకో హోటల్ చేరడం, నాలుగు ధామాలూ తిరిగేలోపు పది పన్నెండు రోజులు ఇలాగే గడుస్తాయి. కేదారం 3,583 మీటర్ల ఎత్తు. గౌరీకుండ్ నుంచి పదహారు కిలోమీటర్లకు పైగా కొండ ఎక్కాలి. గుర్రమో డోలీయో హెలికాప్టరో మాట్లాడుకున్నా దాని క్యూలు, దాని టెన్షన్ దానికుంటాయి.

ఒకసారి మాతో వచ్చిన ఒక జంట ముందుగా బదరీ, కేదారం చూసుకుని, శిబిరం మొదలయ్యే రోజు సాయంత్రానికి రిషికేశ్ చేరారు. మర్నాడు పొద్దున్న క్లాసులో ఆయన గోడకు ఆనుకుని నిద్రపోయారు. ఆవిడకు దగ్గు, జలుబు. మూడో రోజుకి ఇద్దరూ రూములోనే పడుకున్నారు. కేదారనాథుణ్ణి చూసిన తృప్తి మాటెలా ఉన్నా, శిబిరం విషయంలో మాత్రం రెంటికీ చెడిన రేవడి అయింది. పాఠమూ దక్కలేదు, ఒళ్లూ కుదుటపడలేదు. చదువు, విశ్రాంతి ఒకదాన్నొకటి మోసుకుంటాయి. యాత్ర మూడోదిగా వస్తే ఆ రెండింటినీ మింగేస్తుంది. యాత్ర చేయాలనుంటే సెప్టెంబరు చివర్లో వానలు తగ్గాక ఆ ఒక్కదానికోసమే వెళ్లండి, రద్దీ కూడా తక్కువ.

ఇక చోటు సంగతి. మనవాళ్లలో ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. రిషికేశ్ అనగానే మంచు కొండలు ఊహించుకుంటారు. అది కొండల పాదం దగ్గర, సుమారు 350 మీటర్ల ఎత్తులో ఉన్న ఊరు. మే నెలలో మధ్యాహ్నం 38, 40 డిగ్రీలు మామూలే. నెల్లూరులో పోసే చెమట అక్కడ పొయ్యదు, అంతే తేడా. చల్లగా ఉండేది గంగ ఒక్కటే. మే నెలలో కూడా మోకాలి లోతు దిగితే ఒక నిమిషానికి కాళ్లు తిమ్మిరెక్కుతాయి. రేవుల్లో గొలుసులు కట్టి ఉంటాయి, అవి వదలకుండా మునగండి, ప్రవాహం చూడ్డానికి కనిపించేంత నెమ్మది కాదు.

సాధువులు ఈ సంగతి ఎప్పుడో కనిపెట్టారు. చలికాలం రిషికేశ్‌లో ఉండి, ఎండలు ముదిరేసరికి ఉత్తరకాశికో గంగోత్రికో ఎక్కిపోవడం పాత అలవాటు. ఆషాఢ పూర్ణిమకి, అంటే వ్యాసపూర్ణిమకి, ఎక్కడున్నవాళ్లు అక్కడ చాతుర్మాస్యం పట్టి కూర్చుంటారు. గృహస్థుల కోసం పెట్టే శిబిరాలు చాలావరకు ఆ లోపే అయిపోతాయి. పిల్లల సెలవులూ అప్పుడే, స్వాములు కదిలే వీలూ అప్పుడే.

గృహస్థులు వేసవంతా గంగ ఒడ్డున కాపురం పెట్టి సత్సంగం వినడం అనే పద్ధతికి పెద్ద ఊపు తెచ్చింది గోరఖ్‌పూర్ గీతా ప్రెస్ స్థాపకులు జయదయాళ్ గోయంద్కా. 1923లో ప్రెస్ పెట్టిన ఆయనే తర్వాత రిషికేశ్ స్వర్గాశ్రమంలో గీతా భవన్ అనే సత్సంగ కేంద్రానికీ మూలం. అక్కడి వేసవి సత్సంగం వారం రోజులది కాదు, నెలల తరబడి సాగుతుంది. ఉత్తరాది వ్యాపార కుటుంబాలు ముసలీ ముతకా పిల్లాపాపలతో వచ్చి దిగుతారు. చూడముచ్చటగా ఉంటుంది. కానీ అంతా హిందీలోనే, అదీ మార్వాడీ యాస కలిసిన హిందీ. మీకు పనికిరాదు. మనం ఇక్కడ చవకగా కొనుక్కునే గీతా ప్రెస్ తెలుగు గీత మాత్రం ఒకటి సంచిలో వేసుకోండి, దాని సంగతి కింద చెప్తాను.

రిషికేశ్‌లోనే ఉండాలనుకుంటే ఇంగ్లీషు పాఠానికి నేను చెప్పేది దయానంద ఆశ్రమం, శీషమ్ ఝాడీలో గంగ ఒడ్డునే ఉంటుంది. ఈ స్వామి దయానంద సరస్వతి ఆర్యసమాజం దయానందుడు కాదు. తంజావూరు ప్రాంతంలో పుట్టి, 2015లో రిషికేశ్‌లోనే సమాధి అయినాయన. మనకు ఇంకో బంధం కూడా ఉంది. యువకుడిగా ఉన్నప్పుడు గుడివాడ వచ్చి స్వామి ప్రణవానంద గారి దగ్గర కూర్చున్నారు. వేదాంతం అంటే ఏదో అనుభవం కోసం తంటాలు పడటం కాదు, కన్ను రూపాన్ని చూపించినట్టు శాస్త్రమే ఆత్మను తెలియజెప్పే ప్రమాణం అన్న పట్టు తనకు అక్కడే దొరికిందని ఆయన చెప్పుకునేవారు. ఆ సంప్రదాయంలో పాఠం పాఠంలాగే ఉంటుంది. కథలు తక్కువ, వాక్యవిచారం ఎక్కువ. వారం పది రోజుల శిబిరాలు పెడతారు. కోయంబత్తూరు దగ్గర ఆనైకట్టిలో కొండల మధ్య ఇదే సంప్రదాయం గురుకులం ఉంది. రైలు ప్రయాణం భయపెడితే అది ఆలోచించండి.

రిషికేశ్ పక్కనే మునికీరేతిలోని శివానందాశ్రమం గురించి కూడా అడిగారు. మలయాలో, అంటే ఇప్పటి మలేషియాలో, డాక్టరుగా పనిచేసి, అన్నీ వదిలి 1924లో సన్యాసం తీసుకున్న శివానంద స్వామి పెట్టినది. భజన మందిరంలో 1943 డిసెంబరు నుంచి ‘హరే రామ హరే కృష్ణ’ మహామంత్రం రాత్రింబవళ్లు ఆగకుండా నడుస్తోంది. రాత్రి ఏ వేళ వెళ్లినా ఎవరో ఒకరు గొంతు కలుపుతూ ఉంటారు. 1948లో మొదలైన అక్కడి యోగ వేదాంత అకాడమీ రెండు నెలల కోర్సు నడుపుతుంది కానీ అది పురుషులకు. అతిథులుగా ముందే రాసి అనుమతి తీసుకుని కొద్ది రోజులు ఉండొచ్చు. మీకు ఇది మొదటి ఎంపికగా చెప్పను, కారణం వదినగారి మోకాళ్లు. ఆశ్రమం గుట్ట మీద అంచెలంచెలుగా ఉంటుంది. ఆఫీసుకి మెట్లు, గుడికి మెట్లు, సత్సంగానికి మెట్లు. పూటకి రెండుసార్లు ఎక్కి దిగితే చాలు, మూడో రోజుకి ఆవిడ పాఠం మానేస్తారు. చూడ్డానికి వెళ్లండి, ఉండటానికి కాదు. అవతలి ఒడ్డుకి పోవాలంటే రామ్ ఝూలా వంతెన మీద జనంలో తోసుకుంటూ నడవక్కర్లేదు, దగ్గర్లోనే పడవ దొరుకుతుంది.

చల్లదనం, ఇంగ్లీషు పాఠం, మెట్లు లేకపోవడం, ఈ మూడింటిలో ఎక్కువ కుదిరే చోటు నా లెక్కన హిమాచల్‌లో ధర్మశాల కింద ఉన్న సిద్ధబాడి. చిన్మయ మిషన్ వారి తపోవన్ ఉంది అక్కడ. చిన్మయానంద స్వామి సమాధి కూడా అక్కడే. వెనక ధౌలాధార్ కొండ గోడలా లేచి ఉంటుంది, మే నెలాఖరుకి కూడా పై అంచున మంచు చారలు కనిపిస్తాయి. పగలు ఎండ ఉంటుంది కానీ సాయంత్రం పలచటి శాలువా కప్పుకోవాలనిపిస్తుంది. శిబిరాలు కొన్ని హిందీలో, కొన్ని ఇంగ్లీషులో జరుగుతాయి. తేదీతోపాటు భాష కూడా చూసుకుని అప్లై చేయండి. జూన్ చివరికల్లా అక్కడ వానలు పట్టుకుంటాయి, ధర్మశాల వాన మామూలు వాన కాదు. కాబట్టి మీరన్న మే నెలాఖరే సరైన సమయం.

మాయావతి పేరు మీరు రాయలేదు కానీ ఎవరో ఒకరు చెప్తారు కాబట్టి ముందే చెప్తున్నా. కుమావు కొండల్లో లోహాఘాట్ దగ్గర, 1,900 మీటర్లు దాటిన ఎత్తులో, దేవదారు అడవి మధ్య ఉన్న అద్వైత ఆశ్రమం అది. 1899 మార్చిలో వివేకానందుల శిష్యులు సేవియర్ దంపతులు స్వరూపానంద స్వామితో కలిసి స్థాపించారు. వివేకానందులు 1901 జనవరిలో వచ్చి రెండు వారాలున్నారు. అక్కడ విగ్రహం ఉండదు, పూజ ఉండదు, హారతి ఉండదు. పటం పెట్టిన పూజగది ఒకటి చూసి వివేకానందులే అభ్యంతరం చెప్పారు, తర్వాత దాన్ని తీసేశారు. పొద్దున్నే దీపం పెట్టకపోతే రోజు మొదలవదు అనుకునే మనలాంటివాళ్లకి ఆ ఖాళీ హాలు కొత్తగా ఉంటుంది, నాకు మాత్రం బాగా నచ్చింది. కానీ అది శిబిరం కాదు. పాఠాలు చెప్పరు. ముందే రాస్తే రెండు మూడు రోజులు అతిథిగా ఉండనిస్తారు. చేరాలంటే ఢిల్లీ నుంచి టనక్‌పూర్ దాకా రైల్లో వెళ్లి, అక్కడి నుంచి ఘాట్ రోడ్డు ఎక్కాలి. ఇంకో ఏడాదికి పెట్టుకోండి.

ధర్మశాల పైన ధరమ్‌కోట్‌లో విపశ్యన ధ్యాన కేంద్రం, తుషిత అనే టిబెటన్ బౌద్ధ కేంద్రం ఉన్నాయి. మీ అబ్బాయికి ఆసక్తి ఉంటే తుషితలో ఇంగ్లీషులో బౌద్ధం పరిచయం చేసే కోర్సు బాగుంటుంది, మౌనంగా ఉండాలి. విపశ్యన పది రోజుల్లో పుస్తకం తెరవనివ్వరు, కలం పట్టనివ్వరు. అది వేరే సాధన. మీరడిగిన చదువు అక్కడ దొరకదు.

ఇప్పుడు రోజు ఎలా గడుస్తుందో చెప్తాను. చోటు కంటే ఇది ముఖ్యం. ఆశ్రమానికీ ఆశ్రమానికీ కొద్ది తేడాలున్నా ఎక్కువచోట్ల ఇదే వరస. అయిదుకి లేవడం, ఆరింటికి అభిషేకమో ధ్యానమో, ఏడున్నరకి టిఫిను, తొమ్మిదింటికి మొదటి పాఠం, కాస్త విరామం, పారాయణ క్లాసు, పన్నెండుంపావుకి భోజనం. ఆ తర్వాత మూడున్నర దాకా ఏమీ లేదు. టీ, నాలుగున్నరకి రెండో పాఠం, చీకటి పడేవేళ హారతి, ఏడున్నరకి భోజనం, రాత్రి ఒక గంట ప్రశ్నలూ జవాబులూ, తొమ్మిదిన్నరకి లైట్లు ఆర్పడం.

ఈ వరసలో మధ్యాహ్నం మూడు గంటల ఖాళీ ఉంది చూశారా, మీ విశ్రాంతి అంతా అదే. మనవాళ్లు దాన్ని ఖాళీగా ఉండనివ్వరు. సిద్ధబాడి వెళ్తే మెక్‌లియోడ్‌గంజ్ షాపింగు, రిషికేశ్ వెళ్తే హరిద్వార్‌కి ఆటో. అలసి వచ్చి సాయంత్రం పాఠంలో ఆవులింతలు. మొదటి రెండు రోజులు నిద్ర ముంచుకొస్తుంది, సిగ్గుపడకుండా పడుకోండి. ఏళ్ల తరబడి పేరుకున్న అలసట అది. మూడో రోజు నుంచి మధ్యాహ్నం నిద్ర పట్టదు, అప్పుడు పొద్దుటి శ్లోకాలు ఒకసారి రాసుకోండి. తిరగాలనుంటే శిబిరం అయ్యాక రెండు రోజులు విడిగా పెట్టుకోండి.

పాఠం ఎలా ఉంటుందంటే, వారం శిబిరంలో పెద్ద గ్రంథం పట్టరు. గీతలో పన్నెండో అధ్యాయం, లేదా పదిహేను, రెండూ ఇరవయ్యేసి శ్లోకాలు. లేకపోతే పద్దెనిమిది మంత్రాల ఈశావాస్యం, తత్త్వబోధ, ముప్ఫై శ్లోకాల ఉపదేశసారం లాంటివి. స్వామి శ్లోకంలో ఒక పాదం అంటారు, హాలంతా రెండుసార్లు తిరిగి అంటుంది. నాలుగు పాదాలూ అయ్యాక పదాలు విడదీస్తారు. తర్వాత అన్వయం, క్రియ ఎక్కడుందో పట్టుకుని, ఎవరు, దేన్ని, ఎందుకు అని అడుగుతూ పదాలను ఒక వరసలో నిలబెడతారు. ఆ తర్వాతే అర్థం, శంకరుల భాష్యం ఏమందో, మన ఇంట్లో అది ఎక్కడ తగులుతుందో. ఒక్కోసారి గంటంబావులో ఒక్క శ్లోకమే అవుతుంది. నాకు నచ్చేది సరిగ్గా ఈ నిదానమే. టీవీ ప్రవచనాలకి అలవాటుపడినవాళ్లకి మొదటి రోజు కాస్త పొడిగా అనిపిస్తుంది, పిట్టకథల కోసం ఎదురుచూస్తారు. రెండు రోజులు ఓపిక పట్టండి.

ఇంగ్లీషులో వినబోతున్నారు కాబట్టి వెళ్లేముందు నెలరోజులు ఇంట్లో ఒక పని చేయాలి. ఏ గ్రంథం చెప్తారో శిబిరం ప్రకటనలోనే ఉంటుంది. దాన్ని తెలుగులో ప్రతిపదార్థంతో రోజుకి ఒక శ్లోకం చొప్పున ఇద్దరూ కలిసి చదవండి. గీతా ప్రెస్ తెలుగు గీత ఇందుకే అన్నాను, హైదరాబాదు రామకృష్ణ మఠం ప్రచురణలైనా సరే. అర్థమయిందా లేదా అని బాధపడొద్దు. పదాలు పరిచయమైతే చాలు, అక్కడ స్వామి ఇంగ్లీషులో ఎంత వేగంగా వెళ్లినా మీరు తప్పిపోరు. వదినగారికి ఇంగ్లీషు ఇబ్బంది అయితే రాత్రి భోజనం తర్వాత ఆ రోజు విన్నది మీరు తెలుగులో ఆవిడకు చెప్పండి. మీకే ఎక్కువ లాభం. నాకు తెలిసిన ఒకాయన ఇలా ఏడు రోజులు భార్యకు చెప్పి, ఎనిమిదో రోజు ఆవిడ అడిగిన ప్రశ్నే తీసుకెళ్లి సభలో అడిగారు. స్వామి దాని మీద అరగంట మాట్లాడారు.

తిండి దగ్గర కాస్త సర్దుకోవాలి. వరసగా చాపల మీద కూర్చోబెట్టి వడ్డిస్తారు. పుల్కాలు, పల్చటి పప్పు, సొరకాయో బంగాళాదుంపో కూర, కొంచెం అన్నం. ఉల్లి, వెల్లుల్లి ఉండవు. కారం అసలే ఉండదు. పళ్లెం మనమే కడిగి పెట్టాలి. ఆవకాయ సీసా డైనింగ్ హాల్లోకి తీసుకెళ్లి పక్కవాళ్లకి పంచడం మనవాళ్లకి సరదా కానీ, వెల్లుల్లి వేసినదైతే అక్కడ అస్సలు బాగుండదు. వెల్లుల్లి లేని కరివేపాకు పొడి చిన్న డబ్బాలో పెట్టుకోండి. కింద కూర్చోలేనివాళ్లకి బల్లలుంటాయి, మొదటి పూటే వడ్డించేవాళ్లకి చెప్తే రోజూ ఆ చోటు మీకే ఉంచుతారు. కోతుల బెడద ఎక్కడైనా ఉంది, చేతిలో ప్లాస్టిక్ కవరు కనపడితే లాక్కుంటాయి, గుడ్డసంచి వాడండి. రిషికేశ్ వెళ్తే ఒక్క పూటైనా మన అన్నం తినాలనిపిస్తే తిరుమల దేవస్థానం వారి ఆంధ్రా ఆశ్రమం ఉంది, వెంకటేశ్వరస్వామి గుడి కూడా అందులోనే.

డబ్బు విషయానికి చాలా ఆశ్రమాల్లో రూముకి రేటంటూ ఉండదు, వెళ్లేటప్పుడు విరాళం ఇస్తారు. శిబిరాలకు కొన్నిచోట్ల ఇంత అని ముందే చెప్తారు. చెప్పనిచోట, ఒక మోస్తరు హోటల్లో అన్ని రోజులు ఉంటే ఎంతయ్యేదో అందులో సగానికి తగ్గకుండా ఇవ్వడం మా ఇంటి పద్ధతి.

మీ పదహారు రోజులు నేనైతే ఇలా పంచుతాను. తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కాలంటే మీరు హైదరాబాదు రావాలి, దానికంటే గూడూరులోనో నెల్లూరులోనో ఆగే ఢిల్లీ రైలే నయం. ఢిల్లీలో ఒక రాత్రి ఆగండి, వెంటనే ఇంకో బండెక్కొద్దు. అక్కడి నుంచి రాత్రి రైల్లో పఠాన్‌కోట్, పఠాన్‌కోట్ నుంచి కారులో సిద్ధబాడి మూడు గంటల పైమాటే. వీలైతే శిబిరం మొదలయ్యే ముందురోజు చేరండి. శిబిరం వారం రోజులది చూసుకోండి. తర్వాత రెండు రోజులు ధర్మశాల చూసుకోండి, టిబెటన్ల గుడి, కాంగ్రా లోయ, మీ ఇష్టం. తిరుగు ప్రయాణం. ఆ తేదీల్లో సిద్ధబాడిలో ఇంగ్లీషు శిబిరం లేకపోతే రిషికేశ్ దయానంద ఆశ్రమం చూడండి, ఎండ సంగతి తెలిసే వెళ్తున్నారు కాబట్టి కూలరున్న రూము అడగండి. రెండూ కుదరకపోతే ఆనైకట్టి.

ఆశ్రమాలకి రాసేటప్పుడు చాలామంది ‘మాకు మనశ్శాంతి కావాలి, దయచేసి రూము ఇవ్వండి’ అని రాస్తారు. వాళ్లకి కావాల్సిన సమాచారం అది కాదు. మీ ఇద్దరి పేర్లు, వయసులు, ఏ శిబిరం, ఏ రోజు ఏ వేళకి వస్తారో, ఎప్పుడు వెళ్తారో, ఇంతకుముందు ఏం చదివారో రెండు ముక్కల్లో, మోకాళ్ల నొప్పుల వల్ల కింది అంతస్తు రూము, వెస్టర్న్ టాయిలెట్, క్లాసులో కుర్చీ కావాలని విడిగా ఒక లైను. ఆధార్ కాపీలు జత చేయండి. బీపీ, షుగర్ మందులు వాడుతుంటే అది కూడా రాయండి, దాచొద్దు. ఇదంతా ఫిబ్రవరిలోనే పంపాలి, మార్చి దాటితే కింది అంతస్తు రూములు మిగలవు. రెండు వారాల్లో జవాబు రాకపోతే భోజనం వేళ కాకుండా పొద్దున్న పదింటి తర్వాత ఫోన్ చేసి, ఏ రోజు మెయిల్ పంపారో చెప్పండి. అనుమతి వచ్చాకే రైలు టికెట్లు చేయించండి.